ఎవరూ అందించని పేరు

ప్... ప్... ప్...

ఈ ఇంట్లో నేను మొదట విన్నది ఆ చప్పుడే. నన్ను గోడకు బిగించి, గొట్టాలు కలిపి, మెకానిక్ వెళ్ళిపోయిన మరునాటి వేకువ అది. నాకు కన్ను లేదు. ముందువైపు ఒక ఎర్రదీపం ఉంది గానీ, అది చూడడానికి కాదు, చూపడానికి. కనుక విన్నాను. గొట్టంలో గాలి ఇరుక్కున్నదనుకున్నాను. కొత్తగా కలిపిన గొట్టంలో మొదటిరోజు ఇలాగే ఉంటుంది. నీటికి దారి ఇవ్వక, తాను బయటపడలేక, గాలి కాసేపు దగ్గుతుంది, తుమ్ముతుంది, సర్దుకుంటుంది. ఇది సర్దుకోలేదు. కాసేపటికి తెలిసింది, ఆ చప్పుడు వస్తున్నది గొంతులోంచి అని. నా కింద, తడి గచ్చు మీద నిలబడి, ఒక మనిషి తన పేరులోని మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి ఉన్నాడు.

నేను ఒక గీజరును. ఇరవై ఐదు లీటర్ల కడుపు, ఆ కడుపులో ఒక రాగి చుట్ట, చుట్టూ వేడి జారిపోకుండా నురగ దుప్పటి, దాని మీద తెల్లని రేకు చొక్కా. పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. కన్నవారెవరని అడిగితే చెప్పలేను. నా మీద చేతులు వేసినవారు నలభై మంది. ఒకరు అతికారు, ఒకరు రంగు పూశారు, ఒకరు నా కడుపు నిండా నీరు కుక్కి, పగులుతానేమోనని చెవి ఒగ్గి విన్నారు. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మళ్ళీ తారసపడలేదు. పగలలేదని తేలగానే ఆయనా నన్ను మరిచి పక్కదాని వైపు జరిగాడు.

మొదట ఖమ్మంలో ఒక బ్యాంకు అధికారి ఇంటికి చేరాను. ఆ ఇంట్లో నా పేరు రోజుకు పదిసార్లు వినిపించేది. మురిసిపోయాను. తరువాత గమనించాను, నా పేరు వెనక ఎప్పుడూ ఒకే క్రియ నడిచేదని. "గీజర్ ఆపావా?" "గీజర్ ఆపలేదా?" "ఈ ఇంట్లో గీజర్ ఆపే దిక్కే లేదా?" మనుషులు నన్ను తలచుకునేది ఆపడానికే. వెలిగించేటప్పుడు ఎవరూ నా పేరు పలకరు. గోడ అవతల ఒక మీట నొక్కి వెళ్ళిపోతారు.

ఆ ఇంటి అమ్మాయి పరీక్షల రోజుల్లో నడవాలో అటూ ఇటూ తిరుగుతూ భూగోళం వల్లె వేసేది. "భూమి లోపల ఇరుకైన దారిలో చిక్కుకున్న నీరు అడుగున కాగి, పైనున్న నీటి బరువుకు కదలలేక, చివరికి ఒక్క ఉదుటున పైకి చిమ్ముతుంది. దీనినే గీజర్ అంటారు." వందసార్లు విన్నాను. నాకు ఆ పేరు ఎక్కడో మంచుదేశంలో నింగికి ఎగసే నీటి నుంచి వచ్చిందన్నమాట. మనుషులకు ఇదొక సరదా. చిన్న వస్తువుకు పెద్ద పేరు పెడతారు, పెట్టి గోడకు తగిలిస్తారు. ఆ రోజు నుంచి నాకు ఒక బెంగ పట్టుకుంది. నా వాళ్ళు భూమి నిండా ఉన్నారు, ఎవరికీ మీట లేదు, ఎవరినీ ఎవరూ ఆపరు. నేను మాత్రం స్నానాల గదిలో ఒంటరిగా వేలాడుతున్నాను.

రెండేళ్ళకు ఆ అధికారికి బదిలీ అయింది. నేను అమ్ముడుపోయి, గోదావరికి ఇవతలి ఒక బొగ్గుగనుల ఊరికి, రాజమల్లు అనే గని కార్మికుడి క్వార్టరుకు వచ్చాను. పాత సామాను మధ్య, ఆటోలో, తలకిందులుగా.

ఆ ఇంట్లో నన్ను ఎదిరించినది రాజమల్లు తల్లి కొమురమ్మ. "గా డబ్బల నిప్పేడున్నదిరా? పొగ రాకుంట నీళ్ళెట్ల కాగుతయి? గివి దయ్యం నీళ్ళు, నేను పోసుకోను," అని పెరట్లో బొగ్గుల పొయ్యి మీదనే తన చెంబు కాచుకునేది. రాజమల్లు నవ్వేవాడు. ఆయన నవ్వు వెంట దగ్గు వచ్చేది. "నిప్పు గా డబ్బలనే ఉన్నదే అవ్వా. నేను తవ్విన బొగ్గే కరెంటయి వచ్చి నా నీళ్ళు కాస్తున్నది." గనిలోంచి వచ్చిన మనిషికి స్నానమంటే ఒంటి మీదికి ఎక్కిన గనిని దించుకోవడం. నా నీరు ఆయన మీద పడుతుంటే కిందికి పోయే నీటి చప్పుడు కూడా బరువుగా ఉండేది. ఊపిరితిత్తులలోకి ఎక్కిన గనిని మాత్రం నేను దించలేకపోయాను. డాక్టర్లు ఆయనను పనికి తగనివాడన్నారు; గని అధికారులు ఆయన స్థానంలో కొడుకును రమ్మన్నారు.

ఆ కొడుకే ఈ ఇంట్లో నేను మొదట విన్న చప్పుడు. పేరు పాండురంగం. ఇరవై రెండేళ్ళవాడు. నత్తి. ఆ మొదటి వేకువ నుంచీ ఆయన సాధన చేస్తున్నది తన పేరు చెప్పడమే. అధికారుల ముందు నిలబడిన రోజు సాయంత్రం తిరిగి వచ్చి, తలుపు గడియ పెట్టి, బకెట్టులోకి కుళాయి విప్పి, జరిగినదంతా నీటికి చెప్పాడు. ఆ చెప్పడంలో ఒక్క తడబాటు లేదు. నేను నివ్వెరపోయి విన్నాను. "నీ పేరేమిటి అన్నడు సారు. నేను నోరు తెరిచిన. పక్కనున్న గుమాస్తా కాయితం చూసి చదివేసిండు. అయిపాయె, పో అన్నరు." ఉద్యోగం వచ్చింది; పేరు రాలేదు.

ఉద్యోగం దీపాల గదిలో. గనిలోకి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరు బిళ్ళ పెడతాడు, లోపలివాడు ఆ నంబరు టోపీదీపం తీసి ఇస్తాడు. పైకి వచ్చాక దీపం పెడతాడు, బిళ్ళ తీసుకుంటాడు. మాట అవసరం లేదు. పేరు అసలే అవసరం లేదు. పాండురంగానికి అంతకన్నా తగిన చోటు ఆ ఊళ్ళో దొరకదని అందరూ అన్నారు. మేలు కోరే అన్నారు. మేలు కోరే మనుషులు ఒంటరితనాన్ని ఎంత అందంగా కొలిచి కుట్టి ఇస్తారో నేను అప్పుడే తెలుసుకున్నాను.

ఆయన మొదట్లో ఒకటీ రెండూ మాటలు చెప్పేవాడు, తరువాత రోజులో జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టాడు. పగలు అనలేకపోయినవన్నీ వేకువ నా కింద అనేవాడు. టీ కొట్టు దగ్గర తనకు చక్కెర లేని టీ కావాలని ఉంటుందట. 'చక్కెర' అనడం రాక, ఏళ్ళ తరబడి చక్కెర టీయే తాగుతున్నాడట. బస్సులో తాను దిగవలసిన ఊరి పేరు 'ప'తో మొదలవుతుందని, అచ్చుతో మొదలయ్యే తరువాతి ఊరికి టిక్కెట్టు తీసుకుని, అక్కడ దిగి, మూడు మైళ్ళు వెనక్కి నడిచి వచ్చాడట. "కాళ్ళు నొయ్యలే," అన్నాడు నీటితో. "నోరు నొచ్చేదానికన్న కాళ్ళు నొచ్చుడు నయం."

ఆయనకు అన్నిటికన్నా బాధ పెట్టినది వెక్కిరింత కాదు. వెక్కిరించేవాళ్ళు కనీసం మాట పూర్తయ్యేదాకా ఆగుతారు, ఆగితేనే కదా వెక్కిరింపు. బాధ పెట్టినది ప్రేమ. ఆయన 'న్... న్...' అనగానే నానమ్మ 'నీళ్ళా బిడ్డా' అని చెంబు అందించేది. 'క్... క్...' అనగానే అక్క స్వరూప 'కూరనా' అని వడ్డించేది. ఆయన అనబోయింది 'నాకు ఆకలి లేదు' అని కావచ్చు, 'కూర్చో అక్కా, నువ్వు కూడా తిను' అని కావచ్చు. అందించిన మాట తీసుకుని ఊరుకునేవాడు. అలా ఆయన జీవితమంతా ఇతరులు అందించిన మాటలతో నడిచింది, ఇతరులు ఇచ్చిన చొక్కాలు తొడుక్కున్నట్టు. ఆయన మాటను మధ్యలో అందుకోని చెవి ఆ ఇంట్లో నాదొక్కటే. నా గొప్ప ఏమీ లేదు. నాకు నోరు లేదు.

స్నానాల గది వెంటిలేటరు పెరట్లోకి తెరుచుకునేది. పెరటి ముచ్చట్లన్నీ దానిలోంచే నా దగ్గరికి వచ్చేవి. ఒక మధ్యాహ్నం కొమురమ్మ పొరుగింటావిడకు మనవడి కథ చెబుతోంది.

"అందరు నన్నే అంటరమ్మా, పసిపోరనికి వస నాకించలేదా ముసల్దానా అని. నాకించిన. బిడ్డకు నాకించిందానికన్న నేనే ఎక్కువ నాకినట్టున్న, నాకేమొ నోరు ఆగది."

"అది నిజమేలే అత్తా."

"ఆరేండ్లప్పుడు బుగ్గ కాడికి తోల్కపోయిన. అడవిల నడుమ ఉంటది. నేలల నుంచి కుతకుత వేడినీళ్ళే. పొయ్యి లేదు, కట్టె లేదు. మునుగు బిడ్డా, నత్తి పోతది అని మూడు మునుకలేయించిన. అండ్లకెళ్ళి చిన్న రాయి తీసి నాలిక కింద పెట్టుకోమన్న."

"మరి పోయిందా?"

"ఏడ పోయింది! రాయి మింగిండు. మూడోనాడు రాయి పోయింది, నత్తి ఉన్నది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు తగ్గాక కొమురమ్మ గొంతు మారింది. "కానీ ఒకటి చూసిన. ఆ బుడబుడల కాడ కూసోని, ఆ నీళ్ళతోని ముచ్చట పెట్టిండు చూడు, ఒక్క అక్షరం తట్టుకుంటే ఒట్టు. గంటసేపు. నేను చెట్టు చాటుకెళ్ళి విన్న. నేను ఎదురంగ పోంగనే బందు."

పొయ్యి లేని వేడి, కట్టె లేని కాగు. నా వాళ్ళు ఇంత దగ్గరలో, ఆ అడవిలోనే ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. అంతకన్నా పెద్ద సంగతి, నేను ఈయనకు ఏమవుతానో తెలిసింది. ఆరేళ్ళ వయసులో వదిలి వచ్చిన బుగ్గను ఈయన నాలో వెతుక్కుంటున్నాడు. ఆ బుగ్గ ఆయనకు బదులుగా బుడబుడమనేది. నేను అదీ అనలేను. నిండుగా, మూగగా, గోడ మీద ఉండడమే నాకు చేతనైనది.

ఏడేళ్ళు గడిచాయి. వేసవుల్లో నన్ను వెలిగించేవారు కాదు. ఉగాది వెళ్ళాక ఎర్రదీపం ఆరితే మళ్ళీ కార్తీకమే. ఆ నెలలన్నీ పోయిన చలికాలపు నీరు నా కడుపులో కదలకుండా నిలిచేది, ఎవరూ తెరవని ఉత్తరంలా. కింద చన్నీళ్ళ కుళాయి చప్పుడులో ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. వింటూ ఉండేదాన్ని. ఇద్దరు ఒంటరులు ఒకే గదిలో ఉంటే ఒంటరితనం సగమవుతుందని అనుకోవద్దు. రెండవుతుంది. కాకపోతే పక్కపక్కన ఉంటాయి.

స్వరూప ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయి గోదావరి అవతల ఒక పల్లెలో కుట్టుమిషను దుకాణం నడుపుతోంది. పెళ్ళిచూపులు అయి వచ్చిన సాయంత్రం స్వరూప పెరట్లో పగలబడి నవ్వింది. "వీడు గంటసేపు ఒక్క మాట మాట్లాడలే నానమ్మా! వాళ్ళేమొ, పిలగాడు ఎంత నెమ్మదస్తుడు, మాట తక్కువ మర్యాద ఎక్కువ, ఈ కాలంల ఇట్లాంటోడు దొరుకుతడా అని ఒకటే పొగుడుడు. పిల్ల మేనమామైతే, మాట్లాడని అల్లుడు ఇంటికి బంగారమన్నడు."

"చెప్పలేదానే మరి? పిల్లకన్న చెప్పరాదా?"

స్వరూప నవ్వు ఆగింది. "చెప్తే చేస్తరా నానమ్మా? ఇది నాలుగో సంబంధం."

లోపల బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఆయన కుళాయి కట్టడం మరిచి అంతా విన్నాడు.

ఆ తరువాత ఫోను మొదలైంది. ఆమె ఫోను చేయగానే ఆయన ఇక్కడికి వచ్చి, గడియ పెట్టి, కుళాయి విప్పేవాడు. 'ఆ' అనీ 'ఊ' అనీ అనేవాడు. వాటికి అడ్డు రాదు. ఇటు నీళ్ళ చప్పుడు, అటు మిషను చప్పుడు. మధ్యలో ఆమె గొంతు.

"మళ్ళ స్నానమేనా?"

"ఊ."

"పొద్దున చేసినా నీళ్ళ సప్పుడే, మాపటికి చేసినా నీళ్ళ సప్పుడే. నేను చేసుకునేది మనిషినా, చేపనా?"

"ఆ."

"ఆ అంటే ఏంది, చేపనా?" ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుకు నత్తి ఉండదు. ఆ నవ్వు ఆ గదిలో నేను అంతకుముందు విననిది.

ఒకరోజు అటువైపు మిషను ఆగింది. "ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. లగ్గం పెట్టుకొని నెలన్నర ఆయె. నా పేరు ఒక్కసారన్న పిలిచిండ్రా మీరు? నాకు మీ నోట వినాలనున్నది."

నీరు పడుతోంది. ఆయన ఊపిరి బిగించాడు. "త్... త్..."

"హలో?"

"త్..."

"హలో? హలో? సిగ్నల్ పోయినట్టుంది..."

ఆయన ఫోను కట్టేశాడు. కాసేపటికి, "ఇక్కడ సిగ్నల్ మంచిగ ఉండదు" అని గుసగుసగా పలుక్కుంటూ సందేశం టైపు చేశాడు. టింగుమని జవాబు వచ్చింది. దాన్ని మాత్రం పైకి చదవలేదు.

ఆమె పేరు నాకు తెలుసు. ఆ నెలల్లో ఆయన వేలసార్లు పలికాడు, కాని గుసగుసలోనే. గుసగుసకూ నత్తి ఉండదు. గొంతు కలిపితేనే వస్తుంది. పెదవుల మీద గాలిలా ఆడే ఆ పేరు, గొంతు తగలగానే గడ్డకట్టేది. "తకు క్రావడి, తకు క్రావడి," అని ఒకటో తరగతి పిల్లవాడిలా వల్లించేవాడు. మొదటి అక్షరం కింద చుట్టుకున్న ఆ రవత్తు దగ్గరే నాలుక చిక్కుకునేది. "నీళ్ళ పేరేరా పిల్లది, నీకు కలిసొస్తది," అని నానమ్మ ధైర్యం చెప్పింది. నీళ్ళ పేరే. అయినా నీళ్ళ చప్పుడులో కూడా రాలేదు. ఆ పేరేమిటో నేనిప్పుడు చెప్పను. ఆయన అనకముందే నేను అంటే, నేనూ అందించినట్టే అవుతుంది.

పెళ్ళికి వారం ఉందనగా నేను కారడం మొదలుపెట్టాను. మెకానిక్ వచ్చి నన్ను విప్పి, నా కడుపులో చెయ్యి పెట్టి, "బోరు నీళ్ళన్నా. ఏండ్లకేండ్లు సున్నం పేరుకుపోయింది. టాంకు చిల్లుపడ్డది. ఇగ కాదు," అన్నాడు. నిజమే. రాగి చుట్ట మీద తెల్లగా, గట్టిగా, పొర మీద పొర. నీరు తనలో కరిగించుకుని పైకి చెప్పనిదంతా నా లోపల అలా రాయిగా మిగిలింది. నా చోట కొత్తదాన్ని బిగించారు. పెళ్ళయ్యాక పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వాలని నన్ను వీధి వరండాలో, గడప పక్కన దించారు.

మరునాటి వేకువ మెలకువగానే ఉన్నాను. ఏ చప్పుడూ రాలేదు. ఆయన అక్కడ, ఇంటి వెనక, కొత్తదాని కింద ఏదో చెబుతూ ఉంటాడు. మూడు గోడల అవతల. ఏడేళ్ళలో మొదటిసారి ఒక రోజు ఆయన మాట లేకుండా తెల్లవారింది.

ఆ సాయంత్రం మాత్రం ఒక బరువు నా మీద వాలింది. ఆ ఊపిరి గుర్తుపట్టాను. పాండురంగం నా మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఎదురుగా స్వరూప.

"గడప కాడ పేర్లు చెప్పించుడు ఉంటదిరా. నేను అడ్డం నిలబడకుంటే మేనత్తలు నిలబడ్తరు. నేనైతే మేలు. ఇంటున్నవా? డప్పులోళ్ళకు చెప్పిన. నువ్వు పెదిమెలు కదపంగనే దంచుతరు. నేను 'చెప్పిండు, చెప్పిండు' అని ఒర్లుత. అయిపాయె. ఎవ్వరికి తెల్వది."

"అక్కా, ఆమెకు చ్... చ్..."

"చెప్తం తీ. లోపలికొచ్చినంక మెల్లగ చెప్తం."

అక్క మాట సరిగ్గానే అందించింది. ఎప్పుడన్నది మాత్రం మార్చేసింది. ఆయన అనబోయింది 'ముందే చెప్పాలె' అని. ఏడేళ్ళు విన్నదాన్ని, నాకు తెలుసు. ఆయన నా మీద నుంచి లేచి వెళ్ళాడు. ఆయన వేడి కాసేపు నా రేకు మీద మిగిలి, తరువాత అదీ పోయింది.

పెళ్ళిరోజు ఇల్లంతా తరలి గోదావరి దాటింది. తాళం కప్పా నేనూ మిగిలాం. పందిరి ఆకులు ఎండకు చిటపటలాడాయి. ఒక కోడి వచ్చి నా మీద కాసేపు నిలబడి, నాలో ఏ విశేషమూ లేదని తేల్చుకుని వెళ్ళిపోయింది. ఆ పగలంతా నేను ఒక్కటే ఆలోచించాను. ఆ గడప దగ్గర ఆయన పెదవులు కదిపి దాటితే, ఇక ఆ ఇంట్లో జీవితమంతా పెదవులు కదుపుతూనే ఉండాలి. ఆమె పక్కన కూడా కుళాయి విప్పుకునే బతకాలి.

పొద్దు వాలే వేళకు వీధి చివర డప్పులు మోగాయి. ఎవరో పరుగున వచ్చి తాళం తీశారు. హారతి పళ్ళెం పెట్టడానికి చోటు దొరకక నా మీద ఒక గుడ్డ పరిచి పెట్టారు. కర్పూరం మండుతున్న సన్నని చప్పుడు నా నడినెత్తిన. డప్పులు దగ్గరయ్యాయి, వరండాలోకి వచ్చాయి, చెవులు గడియలు పడేలా మోగి ఆగాయి.

"ఆగుండ్రి, ఆగుండ్రి!" స్వరూప గొంతు. "పేర్లు చెప్తెనే గడప. లేకుంటే వచ్చిన బండ్లనే వాపసు!"

నవ్వులు. "ముందు పిల్ల, ముందు పిల్ల!"

"నేను, పాండురంగం వచ్చినం," అన్నది ఒక గొంతు. ఫోనులో విన్నదానికన్నా కొంచెం బొంగురు. ప్రయాణం వల్ల కావచ్చు. ఆయన పేరు అంత తేలికగా, ఒక్క ఊపిరిలో గాలిలోకి వెళ్ళడం నేను విన్నాను. చప్పట్లు.

"ఇగ నువ్వు, తమ్మీ."

డప్పులు ఒక్కసారిగా దంచాయి. పళ్ళెం నా మీద గలగలలాడింది. ఆ మోతలోంచి స్వరూప కేక: "చెప్పిండు! చెప్పిండు! జరుగుండ్రి, లోపలికి రానియ్యుండ్రి!"

డప్పులు సన్నగిల్లాయి. అప్పుడు ఆ బొంగురు గొంతు అన్నది:

"నాకు వినపడలే."

"ఏందమ్మా?"

"నాకు వినపడలే వదినా. డప్పుల్ల కలిసిపోయింది. ఇంకోపాలి చెప్పుమనుండ్రి."

"పిల్ల గట్టిదేనోయ్!" అని ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. ఆమె గొంతులో పంతం లేదు, ఎకసెక్కం లేదు. ఎదురుచూపు ఉంది. రెండు నెలలుగా వినాలనుకున్నది వినాలనుకుంటోంది, అంతే.

"అరే, మళ్ళెందుకు, హారతి ఆరిపోతది," అన్నది స్వరూప. "కొట్టుండ్రి డప్పు!"

"ఆగుండ్రి."

ఆ మాట పాండురంగానిది. అడ్డులేని మాట. మోగబోయిన డప్పు మోగలేదు.

"నేనూ..." అన్నాడు. ఆగాడు. "త్... త్... త్..."

మొదట ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. తరువాత ఎవరో మెల్లగా, "నత్తా?" అన్నారు. ఆ మాట గుంపులో చేతులు మారింది. "పిలగానికి నత్తా?" "మరి చూపులప్పుడు..." ఒక మగగొంతు, పిల్ల మేనమామది కావచ్చు, ముందుకు వచ్చింది: "ఏంది బావా ఇది? ఇది చెప్పాలె కదా మాకు?" రాజమల్లుకు దగ్గు తెర వచ్చింది.

"మీరుండుండ్రి మామా," అన్నది ఆమె.

ఆ తరువాత ఆమె అన్నది ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ వినిపించి ఉండదు. "అంటే ఫోన్ల పోయింది సిగ్నల్ కాదన్నట్టు."

"క్... కాదు."

"ఆ నీళ్ళ సప్పుడు?"

"నీళ్ళుంటే... మ్... మాట వస్తది."

ఆమె గాజులు కదలలేదు. ఆ మౌనంలో ఒక పెళ్ళి నిలబడవచ్చు, కూలిపోవచ్చు. నేను నలభై డిగ్రీల వేడినీ ఎనభై డిగ్రీల వేడినీ మోసిన దాన్ని, అంత బరువైన దాన్ని ఎన్నడూ మోయలేదు.

"మరి నాకు ముందే చెప్పొద్దా?" అన్నది చివరికి.

"చ్... చెప్పాలె. భ... భయం."

కొమురమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. "అయ్యో బిడ్డా, అంతే గద. దాని పేరు నేను చెప్త, నువ్వు నా ఎనక..."

"అందియ్యకుండ్రి నానమ్మా." ఆ బొంగురు గొంతు ఈసారి అందరికీ వినిపించింది. "నా పేరు నాకు తెలుసు, మీకు తెలుసు. నేను ఆయన నోట వినాలె." తరువాత, మిషను ఆపి మాట్లాడినంత నెమ్మదిగా, ఆయనతో: "చెప్పుండ్రి. ఎంతసేపైనా కానీ. నేనేడికి పోత?"

అక్క గాజులు ఒకసారి గలగలమని ఆగాయి. ఆమెకు అందించడమే అలవాటు. ఊరుకోవడం ఆ సాయంత్రం నేర్చుకుంటోంది. డప్పువాళ్ళు గొంతు సవరించుకోలేదు. పసిపిల్లలు కూడా ఏదో జరుగుతోందని తెలిసి ఊరుకున్నారు. ఎక్కడా నీరు పడడం లేదు. కుళాయి లేదు, బకెట్టు లేదు, గడియ పెట్టిన తలుపు లేదు. నాలో ఒక్క చుక్క లేదు.

"నేనూ..." అన్నాడు ఆయన.

ఊపిరి తీశాడు. మొదటి అక్షరం వచ్చి పళ్ళకు తట్టుకుంది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. అడుగున కాగే చప్పుడు నేను ఎరుగుదును, అది అదే. ఇన్నేళ్ళూ దాన్ని వెనక్కి మింగాడు, ఈసారి మింగలేదు. "త్... త్... త్రి..."

ఎవరూ అందించలేదు.

"...వే..."

నా నెత్తి మీద కర్పూరం చివరిసారి చిట్లి ఆరిపోయింది. వెలిగించడానికి ఎవరూ కదలలేదు.

"...ణి."

మూడు పాయలుగా, రాళ్ళ మధ్య నుంచి, ఒకదాని కోసం ఒకటి ఆగుతూ వచ్చింది ఆ పేరు. నేను వేలసార్లు గాలిగా విన్నది మొదటిసారి గొంతుగా విన్నాను. ఆమె, "ఊ," అన్నది, పిలిస్తే పలికినట్టు. ఆయన నవ్వాడు. ఇక ఎవరూ అడగకుండానే, గడప అవతలికి కాలు పెడుతూ, వరండా అంతా వినేలా ఇంకొకసారి పిలిచాడు:

"త్రివేణి."